పచ్చ లైటు వెలిగే దాకా

ఆగస్టు నెలాఖరులో డివిజన్ స్థాయి స్కూల్ గేమ్స్ జరిగిన రోజు, మా బడి అబ్బాయి ఒకడు వంద మీటర్లూ ఒక్కడే పరుగెత్తాడు.

పక్క లేన్ అబ్బాయి తొందరపడి ముందే కదిలాడు. పరుగు మొదలుపెట్టించే స్టార్టర్ సారు వెంటనే క్లాపర్ (చప్పుడు చేసే చెక్క పలకల జత) రెండోసారి కొట్టి, విజిల్ ఊదారు. మిగతా ఏడుగురూ పది పదిహేను అడుగుల్లో ఆగిపోయారు. మావాడు ఆగలేదు. పక్కన ఎవరూ కనిపించకపోయేసరికి అందరికంటే ముందున్నాననుకున్నాడు. పళ్లు బిగించి, ప్రాణం పెట్టి పరుగెత్తాడు. ఫినిషింగ్ గీత దగ్గరున్న నేను రెండు చేతులూ ఊపుతూ ఎదురెళ్లాను. వాడు దాన్ని నా సంబరం అనుకున్నాడు. గీత దాటి వెనక్కి తిరిగి చూస్తే అందరూ మొదట్లోనే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. గ్రౌండ్ చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు నవ్వారు. వాడికి నవ్వు వినపడదు కానీ నవ్వే మొహాలు కనపడతాయి.

ఐదు నిమిషాల్లో మళ్లీ పరుగు. వాడు ఆయాసం తీర్చుకునేదాకా ఆగమని అడిగాను. "అందరికీ ఒకటే రూలు మేడం, షెడ్యూల్ లేటవుతుంది" అన్నారు నిర్వాహకులు. వాడు ఐదో స్థానంలో వచ్చాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. మా పిల్లలు మొహం తిప్పుకుంటే ఇక మాట్లాడే దారి ఉండదు. వాళ్లు చూస్తేనే కదా మనం చెప్పగలిగేది.

2025 సీజన్ మొత్తం నాకు ఆ రోజు చుట్టూనే తిరిగింది. దానికి ముందు ఏం చేశామో, తర్వాత ఏం మార్చుకున్నామో రాస్తున్నాను. వినపడని పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీలకు (వ్యాయామ ఉపాధ్యాయులకు), ఆ పిల్లల అమ్మానాన్నలకు కొంతైనా పనికొస్తుందని ఆశ.

మాది కోస్తాలో ఒక ప్రభుత్వ బధిరుల రెసిడెన్షియల్ పాఠశాల. నేను అక్కడ పీఈటీగా చేరి అప్పటికి రెండో ఏడాది. అంతకుముందు తొమ్మిదేళ్లు మామూలు హైస్కూల్లో పనిచేశాను. పిల్లల అసలు పేర్లు రాయను. మా బడిలో ప్రతి ఒక్కరికీ ఒక సైన్ పేరు, అంటే చేతి సైగల భాషలో ఒక పేరు ఉంటుంది, వాటితోనే చెప్తాను. ఆ రోజు ఒక్కడే పరుగెత్తినవాడు 'పుట్టుమచ్చ'. చూపుడువేలు గడ్డానికి ఎడమవైపు ఆనిస్తే వాడన్నమాట. పదో తరగతి. నా పేరేమో పిడికిలి పట్టుకుని బొటనవేలితో రెండుసార్లు నొక్కడం, అంటే స్టాప్‌వాచ్. సైన్ పేరు మనకు మనం పెట్టుకునేది కాదు, వాళ్లే పెట్టాలి. నాకు అది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. దొరికిన రోజు ఇంటికెళ్లి మావారికి పదిసార్లు చేసి చూపించాను.

జూన్ 12న బడి తెరిచాక రెండు వారాల దాకా నేను ఎవరినీ పరుగెత్తించను. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో సైన్ తెలిసినవాళ్లు ఉండరు. వేసవి సెలవులన్నీ "తిన్నావా, పడుకో, రా" తప్ప ఇంకో మాట లేకుండా గడిపి వస్తారు. అందుకని వచ్చిన కొత్తలో రాత్రిపూట డార్మిటరీలో లైట్లు ఆర్పనివ్వరు. చీకట్లో మాట్లాడుకోలేరు కదా. వార్డెన్ గారు కూడా ఆ వారం పది రోజులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. అది చాలా మంచి పని అని నా అభిప్రాయం.

జూలై నుంచి పొద్దున్నే ఐదున్నరకు గ్రౌండ్‌లో ఉండాలి. ట్యూబ్‌లైట్ల స్విచ్ మూడుసార్లు వేసి ఆర్పితే సగం మంది లేస్తారు, వాళ్లు మిగతావాళ్ల మంచాలు ఊపుతారు. కరెంటు లేని రోజు టార్చిలైటే.

మామూలు బడిలో ట్రాక్ పక్కన నిలబడి "చేతులు ఊపు, మోకాలు ఎత్తు" అని అరుస్తూ ఉండేదాన్ని. ఇక్కడ పరుగు మొదలయ్యాక నేను చెప్పగలిగింది ఏమీ లేదు. చెప్పాల్సిందంతా ముందే చెప్పాలి, లేదా అయ్యాక చెప్పాలి. మొదట్లో అది పెద్ద లోటులా అనిపించింది. కానీ పోను పోను నేను చెప్పే తీరు మారింది. ఒక పరుగుకు ఒకటే విషయం చెప్పేదాన్ని. "ఈసారి భుజాలు బిగించొద్దు", అంతే. పిల్లలు ఆ ఒక్కటీ పట్టుకుని పరుగెత్తేవాళ్లు. తొమ్మిదేళ్లు నేను అరిచిన అరుపుల్లో ఎన్ని పిల్లలకు పనికొచ్చాయో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంకొకటి, బ్యాలెన్స్. శరీరాన్ని తూలకుండా నిలబెట్టే అవయవం కూడా లోపలి చెవిలోనే ఉంటుంది. అందుకే వినికిడి లేని పిల్లల్లో కొందరికి ఒంటికాలి మీద నిలబడటం కష్టం. తొమ్మిదో తరగతి అమ్మాయి 'గాజులు' కళ్లు తెరిచి ఉంటే ఎంతసేపైనా ఒంటికాలి మీద నిలబడుతుంది, కళ్లు మూసుకుంటే రెండు సెకన్లలో తూలిపోతుంది. మసక వెలుతురులో పరుగెత్తితే పడిపోయేది. నేను మొదట అశ్రద్ధ అనుకుని కోప్పడ్డాను. సంగతి తెలిశాక ఆ పిల్లకు క్షమాపణ చెప్పాను. లాంగ్‌జంప్ మాన్పించి షాట్‌పుట్‌కి మార్చాను. రెండు కాళ్లూ నేలకు ఆనించి, నిలబడ్డ చోటు నుంచే విసరడం. మూడు కిలోల గుండును ఆ పిల్ల మెడ దగ్గర ఆనించుకున్న తీరు చూసిన మొదటి రోజే నాకు అర్థమైంది, ఇది తన ఆట అని.

ఇక కాగితాల సంగతి. బధిరుల క్రీడా పోటీలకు ఎంట్రీ పంపాలంటే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఒక్కటి చాలదు. అందులో వైకల్యం శాతంలో ఉంటుంది, వీళ్లకు ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష రిపోర్టులో, డెసిబెల్స్ కావాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం బాగా వినపడే చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ లోటు ఉండాలి. పోటీలో చెవి మెషిన్లు తీసేయాలి, ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లైతే బయటి భాగం తీసేయాలి. మా పిల్లల రిపోర్టులు ఎప్పుడో బడిలో చేరినప్పటివి. పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. పరీక్ష గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడితే బటన్ నొక్కమంటారు. మా ఆరో తరగతి పిల్లవాడు వినపడినా వినపడకపోయినా టకటకా నొక్కేస్తున్నాడు. బయటికి తీసుకొచ్చి ఎందుకని అడిగితే, "పరీక్ష కదా, పాస్ కావాలి" అని సైన్ చేశాడు. ఆడియాలజిస్ట్ అమ్మాయి చాలా ఓపిగ్గా మూడుసార్లు మొదటి నుంచి చేసింది. ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక అన్నాలు తిన్నాం.

స్టార్ట్ సంగతికి వస్తే, ఆగస్టు దాకా నేను పిల్లలకు ఎదురుగా నిలబడి, ఎత్తిన చెయ్యి దించేదాన్ని. వాళ్లు నన్ను చూడటానికి తల ఎత్తేవాళ్లు. తల లేస్తే నడుం దిగుతుంది, నడుం దిగితే మొదటి నాలుగు అడుగుల్లో ఊపు ఉండదు. డివిజన్ పోటీల్లో క్లాపర్ కనిపించేలా కాస్త ముందుకొచ్చి నిలబడమని స్టార్టర్ సారును అడిగితే ఆయన పాపం అలాగే నిలబడ్డారు. ఫాల్స్ స్టార్ట్ అయితే, అంటే ఎవరైనా ముందే కదిలితే, మా పిల్లవాణ్ణి ఎలా ఆపాలన్నది మాత్రం ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆయన్ను అనే ముందు నన్ను నేను అనుకోవాలి. అది నేను ముందే ఆలోచించాల్సిన పని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బధిరుల అంతర్జాతీయ క్రీడలైన డెఫ్లింపిక్స్‌లో పరుగులు ఎలా మొదలుపెడతారో ఫోన్‌లో వెతికి వెతికి చూశాను. ప్రతి లేన్‌లో గీత దగ్గర చిన్న లైటు ఉంటుంది. ఎర్ర లైటు వెలిగితే గీత దగ్గర కూర్చోవాలి, పసుపు వెలిగితే సెట్ (నడుం ఎత్తి సిద్ధంగా ఉండటం), పచ్చ వెలిగితే పరుగు. ఇది మనమూ చేసుకోవచ్చు అనిపించింది.

మా హాస్టల్‌కి కరెంటు పని చేసే అన్న ఒకాయన ఉన్నారు. ఆయనకు బొమ్మ గీసి చూపించాను. వస్తువులకు నేను కొంత, హెడ్మిస్ట్రెస్ గారు కొంత వేసుకున్నాం. పనికి ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు. ముందు ఒకటే పెద్ద పెట్టె చేసి, కర్రకు కట్టి, పది మీటర్ల దూరంలో నిలబెట్టాం. మళ్లీ అదే గోల, తలలు లేస్తున్నాయి. పైగా ఎనిమిది దాటాక ఎండలో ఏ లైటు వెలిగిందో నాకే తెలియడం లేదు. వారం తర్వాత ఆయనే ఇంకో ఉపాయం చెప్పారు. లంచ్ బాక్సంత చెక్క పెట్టెలు నాలుగు చేశారు. ఒక్కోదానిలో మూడేసి ఎల్‌ఈడీ లైట్లు. ఎండ పడకుండా ప్రతి లైటుకు పీవీసీ పైపు ముక్కను ఏటవాలుగా కోసి, లోపల నల్ల రంగు వేసి, గొడుగులా బిగించారు. నాలుగింటినీ ఒకే స్విచ్ బోర్డుకు, ఒక పాత స్కూటర్ బ్యాటరీకి కలిపారు. వైరు కాళ్లకు తగలకుండా ట్రాక్ మీద బెత్తెడు లోతు గాడి తవ్వి పూడ్చాం. పెట్టెను గీతకు మూరెడు దూరంలో, ఎడమ చేతి పక్కన, కాస్త పైకి చూసేలా పెడితే, సెట్‌లో ఉన్న పిల్లవాడి చూపు సరిగ్గా దాని మీదే పడుతుంది. మెడ కదిలించక్కర్లేదు.

మొదటిసారి నలుగురినీ కూర్చోబెట్టి పచ్చ స్విచ్ వేసినప్పుడు నలుగురూ ఒక్కసారే లేచారు. ఒక్కసారే! అప్పటిదాకా మా గ్రౌండ్‌లో అలా ఎప్పుడూ జరగలేదు. ఎవరో ఒకరు కదిలితే చూసి మిగతావాళ్లు కదిలేవాళ్లు. గోడ మీద కూర్చున్న చిన్నపిల్లలు రెండు చేతులూ గాల్లోకి ఎత్తి తిప్పారు. అవి వాళ్ల చప్పట్లు.

రెండో వారంలో ఒక చిక్కు వచ్చింది. 'రింగులు' అనే ఎనిమిదో తరగతి పిల్లవాడు అందరికంటే ముందే లేస్తున్నాడు, కానీ ఫాల్స్ స్టార్ట్ కాదు. గమనిస్తే, పసుపు వేశాక నేను ప్రతిసారీ ఒకేలా ఆగి పచ్చ వేస్తున్నాను, వాడు మనసులో లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ రోజు నుంచి స్విచ్ ఒకసారి వంట ఆయమ్మ చేతికి, ఒకసారి సైన్స్ సారు చేతికి ఇచ్చాను. ఎవరి ఆగడం వాళ్లది.

రీకాల్ కోసం, అంటే ముందే కదిలితే అందరినీ ఆపి వెనక్కి పిలవడానికి, ఎర్ర తువ్వాళ్లు కొన్నాను. ఇరవై ఐదు మీటర్ల దగ్గర ట్రాక్‌కు రెండు పక్కలా ఇద్దరు నిలబడతారు. ఫాల్స్ స్టార్ట్ అయితే నేను చెయ్యెత్తుతాను, వాళ్లు ట్రాక్ లోపలికొచ్చి తువ్వాలు అడ్డంగా ఊపుతారు. దీన్ని రోజుకు రెండుసార్లు, చెప్పకుండా, కావాలని చేయించేదాన్ని. పుట్టుమచ్చ మొదట్లో తువ్వాలు చూసి కూడా ఆగేవాడు కాదు. దాటుకుని వెళ్లిపోయేవాడు. వాడికి ఆగడం ఇష్టం లేదని నాకు అర్థమైంది. నేను బలవంతం చేయలేదు.

లైటు ఉంటే అంతా సమానమైపోతుందని అనుకోకండి. మనిషి శబ్దానికి కదిలినంత త్వరగా వెలుగుకు కదలలేడు. తేడా సెకనులో వందో వంతుల్లోనే ఉంటుంది, కానీ వంద మీటర్ల పరుగులో అదీ లెక్కే. అయినా పక్కవాణ్ణి చూసి లేవడానికి, తనకు తానుగా లేవడానికి చాలా తేడా ఉంది. స్కూల్ గేమ్స్‌లో కనీసం రీకాల్‌కి ఒక జెండా పెట్టమని పైఅధికారులకు ఉత్తరం రాశాను. మా పిల్లలకు ముందు చోటు ఇమ్మని అడగలేదు, ఆగమన్న సంగతి వాళ్లకూ తెలిసేలా చెప్పమన్నాను. ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

దసరా సెలవులకు అందరూ ఇళ్లకెళ్లారు. వచ్చాక పట్టు చిక్కుతోంది అనుకునేలోగా అక్టోబర్ చివర మొంథా తుఫాను. గ్రౌండ్ చెరువైంది. లైటు పెట్టెలను ముందే స్టోర్ రూమ్ అటక ఎక్కించాం కాబట్టి బతికాయి. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక మొత్తం కొట్టుకుపోయింది.

ఆ పది రోజులూ డార్మిటరీ వరండాలో రిలే ప్రాక్టీసు చేశాం. అది నాకు ఈ సీజన్‌లో అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకం. నలుగురు తలా వంద మీటర్లు పరుగెత్తే రిలేలో మామూలు జట్లు బ్యాటన్ అందించేటప్పుడు వెనకవాడు గట్టిగా అరుస్తాడు, ముందువాడు చెయ్యి వెనక్కి చాస్తాడు. మాకు ఆ అరుపు లేదు. బ్యాటన్ మార్చుకునే చోటు పొడవు ముప్పై మీటర్లు, దాని లోపలే అయిపోవాలి. అందుకని అడుగులతో లెక్క పెట్టుకున్నాం. ముందువాడు తన పాదాలతో వెనక్కి ఇరవై రెండు పాదాలు కొలిచి ఒక గుర్తు పెట్టుకుంటాడు. వచ్చేవాడి కాలు ఆ గుర్తు మీద పడగానే తను లేవాలి, వెనక్కి చూడకుండా పరుగెత్తాలి, ఎనిమిదో అడుగుకు చెయ్యి వెనక్కి చాచి అరచెయ్యి తెరవాలి.

చెప్పడం తేలికే. చిన్నప్పటి నుంచీ కళ్లతోనే లోకాన్ని కనిపెట్టుకుని బతికే పిల్లవాడికి వెనక్కి చూడొద్దని చెప్పడం మాటలు కాదు. రోడ్డు దాటేటప్పుడు, ఎవరైనా పిలుస్తున్నారేమోనని, అన్నిటికీ వెనక్కి చూడాలని మేమే నేర్పాం. ఇప్పుడు మేమే వద్దంటున్నాం. మూడో లెగ్‌లో ఉన్న రింగులు ఎనిమిదో అడుగు దగ్గర ప్రతిసారీ తల తిప్పేవాడు, బ్యాటన్ జారిపోయేది. కోప్పడితే లాభం లేదు. వరండాలో నలుగురినీ వరసగా నిలబెట్టి, ముందు నడకతో, తర్వాత మెల్లగా పరుగుతో, పీవీసీ పైపు ముక్కను అరచేతిలో పెట్టించేవాళ్లం. రాత్రి భోజనాలయ్యాక కూడా నేను చెప్పకుండానే చేసేవాళ్లు. బ్యాటన్ ఇచ్చేవాడు పుట్టుమచ్చ. పైపును రింగులు అరచేతిలో పెట్టడం కాదు, గట్టిగా ఒత్తేవాడు, "ఇదిగో, వచ్చేశాను" అన్నట్టు. తొమ్మిదో రోజు రాత్రి రింగులు తల తిప్పలేదు. మర్నాడు కూడా తిప్పలేదు.

నవంబర్‌లో గాజులు వాళ్ల నాన్న వచ్చారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా అమ్మాయి జీవంజి దీప్తి కాంస్యం గెలిచింది కదా, మా అమ్మాయినీ అక్కడికి పంపే దారి చెప్పమని అడిగారు. పారాలింపిక్స్‌లో బధిరులకు విభాగం లేదని, వాళ్లకు వేరే డెఫ్లింపిక్స్ ఉన్నాయని చెప్పాను. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. ఇవి 1924లో పారిస్‌లో మొదలయ్యాయి. పారాలింపిక్స్ మొదలైంది 1960లో, రోమ్‌లో. 2022 మేలో బ్రెజిల్‌లోని కాషియస్ దో సుల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు, కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. ఇదంతా చెప్తుంటే ఆయన జేబులోంచి బస్ టికెట్ తీసి, దాని వెనక 'డెఫ్లింపిక్స్' అని తెలుగులో రాసుకున్నారు. సరిగ్గా రాశానా అని నాకు చూపించారు.

అదే నెల 15 నుంచి 26 దాకా టోక్యోలో డెఫ్లింపిక్స్ జరిగాయి. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక నా ఫోన్‌లో పరుగుల వీడియోలు పెట్టాను. నలభై మంది ఒక ఫోన్ చుట్టూ చేరారు. లేన్లలో లైట్లు కనిపించగానే పుట్టుమచ్చ లేచి, స్టోర్ రూమ్ వైపు చెయ్యి చూపించి, "మనవి, మనవి" అని సైన్ చేశాడు.

డిసెంబర్ 3 దివ్యాంగుల దినోత్సవానికి ముందు జిల్లా కేంద్రంలో పోటీలు పెట్టారు. బధిరుల పరుగుకు మా లైట్లు వాడుకుంటామని అడిగితే నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకున్నారు. నాలుగు పెట్టెలే ఉన్నాయి కాబట్టి నలుగురేసి చొప్పున పరుగులు పెట్టారు. కరెంటు అన్న తన పని మానుకుని, బ్యాటరీ పట్టుకుని మాతో పాటు బస్సెక్కారు. రిలేలో రెండో స్థానం వచ్చింది, బ్యాటన్ ఒక్కసారి కూడా కింద పడలేదు. గాజులు షాట్‌పుట్‌లో మొదటి స్థానం. వాళ్ల నాన్న ఫోన్‌లో తీసిన ఫొటోలో గుండు సగమే పడింది, అయినా అదే ఫ్రేమ్ కట్టించారట.

అన్నిటికంటే ముందు జరిగింది మాత్రం పదిహేడేళ్ల లోపు అబ్బాయిల వంద మీటర్ల ఫైనల్. పుట్టుమచ్చది రెండో లేన్. ఎర్ర, పసుపు. పచ్చ వెలిగేలోపే నాలుగో లేన్ అబ్బాయి లేచిపోయాడు, అది చూసి మిగతా ఇద్దరూ లేచారు. పుట్టుమచ్చ కూడా పరుగు అందుకున్నాడు. నేను చెయ్యెత్తాను. ఇరవై ఐదు మీటర్ల దగ్గర మా పిల్లలిద్దరూ తువ్వాళ్లు పట్టుకుని ట్రాక్‌లోకి దూకారు.

వాడు ఆగాడు. ఆగి, వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రెండు ఊపిర్లు పీల్చుకున్నాడు. తర్వాత మెల్లగా నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. దారిలో నా వైపు చూసి "ఎవరు?" అని సైన్ చేశాడు. నాలుగు వేళ్లు చూపించాను. తలూపాడు. నాలుగో లేన్ అబ్బాయి వేరే ఊరివాడు, బాగా భయపడిపోయి ఉన్నాడు. వాడి భుజం తట్టి, "లైటు చూడు, నన్ను చూడకు" అని చెప్పి, తన గీత దగ్గరికెళ్లి కూర్చున్నాడు.

స్టార్టర్ సారు స్విచ్ బోర్డు మీద మళ్లీ వేలు పెట్టారు. ఎర్ర లైటు వెలిగింది.

ఆ పరుగు వాడు 12.3 సెకన్లలో ముగించాడు. జూలైలో అదే వాడికి 12.9 పట్టింది. రెండో స్థానం. గీత దాటాక వెనక్కి తిరిగి చూస్తే, మిగతా ముగ్గురూ వాడి పక్కనే ఉన్నారు.